అరువు గొంతు

గత వారం మనం డాక్టర్ రొదా జెమేలిని ఆసుపత్రి ఆవరణలోని చాపెల్ మెట్ల మీద వదిలేసి వెళ్ళిపోయాం. పాపం, ఇంకా అక్కడే నిలబడి ఉంది. కాలు ముందుకీ పడదు, వెనక్కీ పడదు. కొత్తగా చేరినవాళ్ళ కోసం రెండు ముక్కల్లో జరిగింది చెప్పేస్తాను. పాతవాళ్ళు ఈలోపు టీ తెచ్చుకోండి.

మా కప్‌మురెన్ కొండ మీది మిషన్ ఆసుపత్రిలో ఒక పద్ధతి ఉంది. ఎవరు కత్తి పట్టబోతున్నారో వాళ్ళే, మత్తు ఇవ్వకముందు, రోగి చెయ్యి పట్టుకుని పైకి వినపడేలా ప్రార్థన చేయాలి. ప్రార్థన ఒకరిదీ కోత ఇంకొకరిదీ కావడానికి వీల్లేదు. సర్జన్లు దొరకని పల్లె ఆసుపత్రుల కోసం ఇక్కడ తయారయ్యే కుర్ర డాక్టర్లకి, కుట్టు వేయడం కంటే ముందు పెద్ద డాక్టర్ జబ్లోన్ మైయో నేర్పేది అదే. మూడు వారాల కింద తప్లెలెయ్ తన మెడ మీది గడ్డ తీయించుకోవడానికి వచ్చింది. సోకో కూడలిలో మటాటు వ్యాన్లకి జనాన్ని కేకేసి ఎక్కించే ఆడమనిషి మా కొండ మొత్తానికి ఆమె ఒక్కతే. జెమేలి చెయ్యి చాపితే, "పో పిల్లా, నువ్వింకా నేర్చుకుంటున్నావు. ఊళ్ళోవాళ్ళ కడుపులు కోసి నేర్చుకో, నా మెడ మాత్రం మైయోకే" అని నవ్వుతూ తోసేసింది. సరేనని మైయో ప్రార్థన చేశాడు, మైయో మొదలుపెట్టాడు. సగంలో పక్క గదిలో కాన్పు మనిషికి రక్తం ఆగడం లేదని కబురొస్తే అటు పరుగెత్తుతూ, "నేనొచ్చేదాకా ఆ ఎడం పక్క ముట్టుకోకు" అన్నాడు.

జెమేలి ముట్టుకుంది. తప్లెలెయ్ కేక పోయింది.

ఆ వారం శుక్రవారం మీటింగులో మైయో లేచి నిలబడి, "ప్రార్థన నాది. కాబట్టి కోత నాది" అన్నాడు. ఆ రోజు ఆపరేషన్ గదిలో ఉన్న నర్సమ్మలు ఆయన వైపు చూసి తలలు వంచుకున్నారు. జెమేలి నోరు మెదపలేదు. ఆసుపత్రి కమిటీవాళ్ళు మైయోని ఇక ఆపరేషన్ గది గడప తొక్కొద్దన్నారు. అదీ జరిగింది.

ఈ రోజు శనివారం. రేపు ఆరాధనలో పెద్దలందరూ జెమేలి తల మీద చేతులుంచి, ఉత్తరాన తుర్కానా ఎడారిలో సర్జనన్నవాడు లేక తాళం పడిపోయిన ఆసుపత్రికి ఆమెని ఖాయం చేస్తారు. ప్రయాణం ఆపై వారం. మైయో ఆ అబద్ధం ఆడింది అందుకే. "నేను ముసలాణ్ణి, కూర్చోమంటే కూర్చుంటాను. నిన్ను ఆపేస్తే అక్కడ కడుపు నొప్పితో వచ్చినవాడు కూడా చచ్చిపోతాడు. నోరు మూసుకుని వెళ్ళు" అన్నాడు. జెమేలి నోరు మూసుకుంది. ఆ రోజు నుంచీ ఆ నోట్లోకి మొక్కజొన్న ఉగాలి ముద్ద సరిగ్గా దిగడం లేదు. చెయ్యి కడుక్కుంటుంటే కూడా వేళ్ళ వంక చూసుకోలేకపోతోంది. పైగా దాని అడుగున ఇంకొకటుంది. దాన్ని తలుచుకోవడానిక్కూడా ఆమెకి ధైర్యం లేదు.

ఇప్పుడు తప్లెలెయ్ చుట్టాలందరూ తేయాకు తోటల మధ్య బాట పట్టుకుని ఎక్కి వచ్చేశారు. ముందు వాళ్ళ ఇంటి పెద్ద, ముసలి అరాప్ బోయిత్, ఆయన చంకలో సొరబుర్ర, బుర్ర నిండా బొగ్గుపొడి కలిపి పులియబెట్టిన మురసిక్ పాలు. పాలు ఎందుకో మా కొండ మీద ఎవరికీ చెప్పక్కర్లేదు. బాధపడ్డ మనిషి ముందు ఒక గుక్క తాగి, బాధపెట్టిన మనిషి చేతికి బుర్ర ఇస్తుంది. ఆ మనిషీ తాగితే గొడవ అక్కడికి సరి. మళ్ళీ ఎవరూ దాని ఊసెత్తకూడదు. చర్చి వచ్చాక చివర్లో ఒక పాట తోడైంది, అంతే తేడా.

"ఏమే డాక్టరమ్మా, దిష్టిబొమ్మలా అక్కడ నిలబడిపోయావేం? దిగిరా!" అని కేకేశాడు అరాప్ బోయిత్. "నీ గురువుగారి పరువు దక్కే రోజు, నువ్వు లేకపోతే ఎలా?"

జెమేలి దిగి వచ్చింది. చాపెల్ ముందు గడ్డి మీద అందరూ గుండ్రంగా కూర్చున్నారు. మధ్యలో రెండు ప్లాస్టిక్ కుర్చీలు. ఒక దాంట్లో మైయో, మోచేతుల దగ్గర అతుకులేసిన పాత స్వెట్టరులో. రెండో దాంట్లో తప్లెలెయ్. మెడ చుట్టూ ఎర్ర గుడ్డ కట్టుకుంది. ఆ గుడ్డ కింద ఉన్న గీత మైయోది, దాని లోపల జరిగింది తన పనే. జెమేలి చూపు తిప్పేసుకుంది.

"ఇది గుసగుసల్లో జరిగే పని కాదు" అన్నాడు అరాప్ బోయిత్. "క్షమించానంటే వెనక వరసలో ఉన్నవాడికి కూడా వినపడాలి. తప్లెలెయ్‌కి చూస్తే గొంతు లేదు. ఎవరో ఒకరు అరువివ్వాలి."

"నేనిస్తా తాతా" అంది తప్లెలెయ్ కూతురు జెలగత్. ఇరవై ఏళ్ళ పిల్ల, ఎండగా ఉన్నా మెడకి మఫ్లరు చుట్టుకుంది.

"ఇంట్లోవాళ్ళు పనికిరారే. నీకు నచ్చని మాట నువ్వు మింగేస్తావు."

అందరూ నవ్వారు. తప్లెలెయ్ మాత్రం నవ్వలేదు. చెయ్యెత్తి, వేలితో నేరుగా జెమేలిని చూపించింది.

"నేనా? నేను వద్దత్తా" అంది జెమేలి గాభరాగా. "నాకు... నాకు చేతకాదు."

తప్లెలెయ్ రమ్మని చెయ్యి ఊపింది. జెమేలి వంగి చెవి పెట్టింది. గాలి పోతున్న టైరులా వచ్చింది ఆ మాట. "చిన్నప్పుడు నీ కోసం నా గొంతు అరిగిపోయేలా అరిచాను కదే. ఇవాళ ఒక పూట నీది నాకియ్యి."

నిజమే మరి. జెమేలి స్కూలుకెళ్ళే రోజుల్లో తప్లెలెయ్ కిటికీ పక్క సీటు మీద తన సంచీ పడేసి ఎవర్నీ కూర్చోనిచ్చేది కాదు. "జరగండయ్యా జరగండి! డాక్టరమ్మకి సీటు! రేపు మీ కడుపులు కోసేది ఈ పిల్లే, ఇప్పుడే మంచి చేసుకోండి!" అని ఊరంతా వినపడేలా అరిచేది. కన్నతల్లి కంటే ముందు తనని డాక్టరని పిలిచిన మనిషి ఆమె. జెమేలి కాదనలేకపోయింది.

"గుర్తుపెట్టుకో" అన్నాడు అరాప్ బోయిత్. "ఆమె అంటోంది, ఆమె చెబుతోంది అనకూడదు. 'నేను' అనే చెప్పాలి. గొంతు అరువిచ్చాక అందులో నీ సొంత మాట ఉండదు. ఆమె భుజం తట్టితే వంగు, విను, లేచి చెప్పు."

తప్లెలెయ్ జెమేలి భుజం మీద రెండుసార్లు తట్టింది. జెమేలి విని, లేచి, గొంతు సవరించుకుంది.

"నేను తప్లెలెయ్‌ని. సోకో కూడలిలో నా కేక వినకుండా ఏ బండీ కదిలేది కాదు."

"అవునవును! పడుకున్న డ్రైవర్లు కూడా లేచేవాళ్ళు!" అన్నారెవరో. 

"ఇప్పుడు రేకు డబ్బా మీద కర్రతో కొడుతున్నాను. మోతకి జనం తిరిగి చూస్తారు. బండి ఎల్డొరెత్ వెళుతుందో కప్సబెత్ వెళుతుందో తెలియక నవ్వుకుని పోతారు. మత్తు దిగిన రోజు 'జెలగత్' అని పిలిచాను. నా కూతురు మంచం పక్కనే కూర్చుని ఉంది. దానికి వినపడలేదు."

జెలగత్ తల దించుకుంది. నవ్వినవాళ్ళు నవ్వు ఆపేశారు. జెమేలికి ఆ 'నేను' అన్న మాట పలికిన ప్రతిసారీ నాలుక మడత పడుతోంది. తను దోచుకున్నదాని గురించి తనే నిలబడి ఏడుస్తున్నట్టుంది. ఇంతకంటే సిగ్గులేని పని లోకంలో ఉంటుందా?

"మైయోని ఆ వారమంతా నేను తిట్టిన తిట్లకి దేవుడు కూడా చెవులు మూసుకుని ఉంటాడు. తర్వాత ఆయన మా ఇంటికి నడిచి వచ్చాడు. కుర్చీ వేస్తే కూర్చోలేదు, నేల మీద కూర్చున్నాడు. తప్పు నాదమ్మా అన్నాడు. తప్పు చేసి గుమ్మం దాకా వచ్చిన డాక్టర్ని నేనెప్పుడూ చూడలేదు. అందుకని..."

జెమేలి ఆగింది. మైయో తల ఎత్తి ఆమె వంక చూశాడు. కానివ్వు అన్నట్టు కనురెప్పలు వాల్చాడు.

"అందుకని డాక్టరుగారూ, నేను మిమ్మల్ని క్షమిస్తున్నాను."

తప్పు చేసిన నోరు, తప్పు చేయని మనిషిని క్షమించింది. జెమేలి మొహం కాలిపోయింది. తప్లెలెయ్ బుర్ర ఎత్తి ఒక గుక్క తాగి మైయోకి అందించింది. ఆయన రెండు చేతులా పుచ్చుకుని తాగాడు. బూడిదరంగు పాల చుక్కలు ఆయన గడ్డం మీద నిలిచాయి. ఆడవాళ్ళు కూడబలుక్కున్నట్టు ఉలులులు అని సంతోషంగా, కీచుగా కూత పెట్టారు.

అయిపోయింది. చివరి పాట ఒక్కటే మిగిలింది. ఇక ఎవరూ దీని ఊసెత్తకూడదు. జెమేలి గుండెల మీద నుంచి బరువు దిగింది. నిజంగానే దిగింది. ఆ తేలిక తెలిసిన మరుక్షణం తన మీద తనకే అసహ్యం పుట్టింది. ఛీ, నువ్వూ ఒక మనిషివేనా అనుకుంది.

అంతలో భుజం మీద మళ్ళీ రెండు తట్లు పడ్డాయి.

"ఇంకా ఉందా?" అన్నాడు అరాప్ బోయిత్. "పాలు తాగేశాక ఏముంటుందే?"

తప్లెలెయ్ కూతురికి సైగ చేసింది. జెలగత్ మెల్లగా మఫ్లరు విప్పింది. గొంతు కింద, ఎడమ పక్కన, కోడిగుడ్డంత గడ్డ. చుట్టూ కూర్చున్నవాళ్ళు అయ్యో అన్నారు.

జెమేలి వంగింది. విన్నది. లేచింది గానీ నోరు తెరవలేదు.

"చెప్పవేం?" అన్నాడు ముసలాయన.

"ఇది నేను చెప్పలేను తాతా."

"నచ్చని మాట మింగేయడానికా నిన్ను పెట్టుకుంది? దానికి కూతురే చాలు కదా! చెప్పు!"

జెమేలి కళ్ళు మూసుకుని చెప్పింది. "నా మెడ మీది గడ్డ నా కూతురికీ వచ్చింది. నాకు జరిగింది చూసి భయపడి దాచుకుంది. మైయో ముసలాడైపోయాడు, ఆయన్ని ఇక కష్టపెట్టను. ఉత్తరానికి వెళ్ళే ముందు దీని గడ్డ జెమేలి తీయాలి. ఆ రోజు... ఆ రోజు ఈ పిల్ల చెయ్యి చాపితే నేను తోసేశాను. నేర్చుకునే పిల్లవని ఎగతాళి చేశాను. అది నా తప్పు, అందరి ముందూ ఒప్పుకుంటున్నాను. ఈ పిల్లే కోసి ఉంటే ఇవాళ నాకు గొంతు ఉండేది."

మాట పూర్తయ్యేసరికి ఆమె గొంతు జీరపోయింది. జనానికి అది ప్రేమలా వినిపించింది. "ఎంత మంచి మాట!" అంది ఒకావిడ కళ్ళు తుడుచుకుంటూ. జెలగత్ లేచి వచ్చి జెమేలి చేతిలో తన చెయ్యి పెట్టింది. చల్లగా, చెమటగా ఉంది ఆ చెయ్యి.

"ఇప్పుడే ప్రార్థన చేసెయ్యక్కా" అంది. "పద్ధతి అదే కదా. నువ్వు చేశావంటే నాకు భయం పోతుంది. ఈ రాత్రి నిద్రపోతాను."

మైయో కుర్చీలో కదిలాడు. తను నేర్పిన పద్ధతి తన కళ్ళ ముందే ఎదురు తిరిగి నిలబడింది.

జెమేలి ఆ చెయ్యి పట్టుకుంది. తలలన్నీ వంగాయి. "ప్రభువా" అంది. "ఈ చేతిని..." ఆగిపోయింది. తుమ్మెద ఒకటి పాలబుర్ర మూతి చుట్టూ తిరుగుతోంది. ఎవరో దగ్గారు. జెలగత్ వేళ్ళు బిగించింది.

ఇలాంటి చేత్తో ప్రార్థన చేయడం జెమేలి వల్ల కాలేదు. రేపటి సంగతి, ఎడారి సంగతి, మైయో సంగతి అన్నీ తెలుసు. అయినా కాలేదు.

"ఆ రోజు కోసింది నేను" అంది.

వంగిన తలలు లేచాయి. అరాప్ బోయిత్ నొసలు ముడిచాడు. "తప్లెలెయ్ నీ భుజం తట్టలేదే. ఎవరి మాట ఇది?"

"నా మాటే తాతా. మైయో సారు ఆగమన్నారు. నేను ఆగలేదు. అత్త నా చెయ్యి తోసేసిందని నాకు ఉక్రోషం. సారు వచ్చేలోపు నేనే పూర్తిచేసి చూపిద్దామనుకున్నాను. రక్తం ఉబికింది. ఏమీ కనపడలేదు. రక్తం ఆపే క్లాంపు గుడ్డిగా బిగించేశాను."

"జెమేలీ, కూర్చో" అన్నాడు మైయో గట్టిగా. "ప్రార్థన నాది. అప్పగించి పోయింది నేను. నేర్పింది నేను. తప్పు నాది కాకుండా ఎక్కడికి పోతుంది?"

"నువ్వాగవయ్యా!" ముసలాయన ఒక్కసారి లేచాడు. "నీ గడ్డం మీద ఆ పాలు ఇంకా ఆరలేదు! చేయని తప్పుకి ఎవరన్నా పాలు తాగుతారా? మా ఆవు పాలు, మా ఇంటి బుర్ర, అబద్ధం మీద పోయించావా? ఇంత చదువు చదివి ఇదా నువ్వు చేసేది?"

మైయో అరచేత్తో గడ్డం తుడుచుకున్నాడు. ఒక్కసారిగా అందరూ మాట్లాడటం మొదలుపెట్టారు. అంత గోలలోనూ తప్లెలెయ్ కదలలేదు. జెమేలి మొహంలోకే చూస్తూ కూర్చుంది. ఆ చూపులో కోపం ఉంటే జెమేలి తట్టుకునేదే. కోపం లేదు. స్కూలు సంచీ తగిలించుకున్న పిల్ల కోసం ఆమె వెతుక్కుంటోంది, అంతే.

చివరికి చెయ్యెత్తి, జెమేలి భుజం తట్టింది.

జెమేలి వంగింది. లేచినప్పుడు ఆమె మొహంలో రక్తం చుక్క లేదు. గోల సద్దుమణిగింది.

"ఏమంది? ఉన్నదున్నట్టు చెప్పు" అన్నాడు అరాప్ బోయిత్.

"గొంతు నరం నలిగింది, తెగలేదు అని మైయో నాతో చెప్పాడు. ఆరునెలలు ఓపిక పట్టమన్నాడు. ఆ ఆశతోనే రోజూ పొద్దున్నే లేచి, ఎవరూ లేకుండా చూసుకుని, తోటలో నిలబడి అరిచి చూస్తున్నాను." జెమేలి వేలు తన వైపే చూపించుకుంది. "ఆ రోజు కత్తి పట్టినదానివి నువ్వే అయితే నువ్వే చెప్పు. నా గొంతు మళ్ళీ వస్తుందా, రాదా?"

"వస్తుందమ్మా" అన్నాడు మైయో వెంటనే. "నలిగిన నరం కోలుకుంటుంది. నేను కళ్ళారా చూశాను."

తప్లెలెయ్ ఆయన వైపు తిరగలేదు. నిన్ను కాదు అన్నట్టు చెయ్యి అడ్డంగా ఊపింది.

ఇక్కడ పాఠకులకి ఒక సంగతి చెప్పాలి. ఇన్ని వారాలూ మీ దగ్గర దాచాను. నన్ను తిట్టుకోకండి, ఆ పిల్ల తన నుంచి తనే దాచుకుంది. క్లాంపు వేశాక జెమేలి ఆగలేదు. దాని కింద కత్తెర పెట్టింది. రక్తం తుడిచి చూస్తే తెల్లటి సన్నటి దారంలాంటి ఆ గొంతు నరం, రెండు కొసలుగా. అప్పుడే తలుపు తోసుకుని మైయో వచ్చాడు. క్లాంపు చూశాడు, అయ్యయ్యో అంటూ దాన్ని విప్పాడు. "తెగిందా?" అని అడిగాడు. జెమేలి గాజుగుడ్డతో ఆ చోటు నొక్కిపట్టి, "లేదు సార్, నలిగిందంతే" అంది. శిష్యురాలి మాట మీద నమ్మకంతో ఆయన మళ్ళీ గుడ్డ ఎత్తి చూడలేదు. ఆ మాటే పట్టుకుని తప్లెలెయ్‌కి ఆశ పెట్టాడు.

"రాదత్తా" అంది జెమేలి. అరవలేదు, అయినా వెనక వరసకి కూడా వినపడింది. "ఇక రాదు."

మైయో లేచిన ఊపుకి ప్లాస్టిక్ కుర్చీ వెనక్కి పడింది.

"తెగిందా?"

"తెగింది సార్."

"ఆ రోజు నేను నిన్ను అడిగాను కదా."

"అడిగారు సార్."

మీటింగులో అంతమంది ముందు తొణకని మనిషి, కమిటీవాళ్ళు పొమ్మంటే నవ్వుతూ పోయిన మనిషి, ఇప్పుడు నిలబడ్డచోటే ముసలాడైపోయాడు.

"ఆ పూటే చెప్పి ఉంటే రెండు కొసలూ కలిపి కుట్టేవాణ్ణి కదే, పిల్లా."

జెలగత్ చెయ్యి జెమేలి చేతిలోంచి మెల్లగా జారిపోయింది. జెమేలి పట్టి ఆపడానికి ప్రయత్నించలేదు. తల ఎత్తే ధైర్యం లేక గడ్డి వంకే చూస్తూ నిలబడింది.

అప్పుడు భుజం మీద రెండు తట్లు పడ్డాయి. తప్లెలెయ్ ఇంకా ఏదో చెప్పాలనుకుంటోంది. దాన్ని ఇంతమందికీ వినిపించాల్సింది మళ్ళీ జెమేలే.